ఒకిల్లు విడిచి ఒకిల్లు

పోయినవారం మనం ఉప్పళంలో మరగతం మందుల అంగడి దగ్గర ఆగాం. మధ్యాహ్నం, పుదుచ్చేరిలో అంగళ్ళన్నీ కట్టేసి జనం అన్నానికి పోయే వేళ. షట్టరు సగం దించి ఉంది. లోపల కౌంటరుకు ఇవతల స్టూలు మీద ప్రీతిక కూర్చుని ఉంది. కౌంటరుకు అవతల మరగతం. షట్టరు పక్కన, బయటికి పోయే దారికి అడ్డంగా, మరగతం భర్త చంద్రన్. "మా అంగడి గుట్టు ఎవరికి అమ్మినావు?" అని మరగతం అడిగింది. ప్రీతిక ఇంకా జవాబు చెప్పలేదు.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకు రెండు ముక్కలు. చంద్రన్ పనిచేసిన బట్టల మిల్లు మూతబడ్డాక ఆ ఇల్లు నిలబడింది మరగతం మెడికల్ మీదే. అలాంటిది రెండేళ్ళ కిందట మెయిన్ రోడ్డులో ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు ఏసీ పెట్టి మందుల షాపు తెరిచారు. మరగతం దగ్గర ఏళ్ళుగా కొనేవాళ్ళు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. అంగడి మూసేద్దామా అన్న మాట ఇంట్లో మొదలైన రోజుల్లో మరగతం తమ్ముడు గుణశేఖరన్ ఈ పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. కోసపాళయం తెలుగువాళ్ళ పిల్ల. కాలాపేట యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివి, ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో 'చుక్కాని' అనే చిన్న కంపెనీ పెట్టింది.

పెద్ద కంపెనీలు జీతగాళ్ళ దండును పెట్టి చేయించుకునే డేటా అనలిటిక్సు చిన్న అంగళ్ళకు తను చేసిపెడతానంది. ఊళ్ళోని చిన్న మెడికల్ షాపుల బిల్లులన్నీ, కొన్నవాళ్ళ పేర్లు తీసేసి, ఒకచోట పోసి చూసేది. ఏ మందు ఎప్పుడు నిండుకుంటుందో, ఏది అమ్ముడుపోక తేదీ దాటిపోతుందో, వాన పడిన ఎన్నాళ్ళకు జ్వరం మాత్రలకు జనం వస్తారో పొద్దున్నే మరగతం ఫోనుకు పంపేది. ఫలానా ఇంట్లో షుగరు మాత్రలు రేపటితో అయిపోతాయని తెలిసి మరగతం ముందురోజే ఫోను చేసి "తెప్పించి పెట్టినా, వచ్చి తీసుకోండి" అంటుంటే, ఏసీ చల్లదనానికి పోయిన ముసలివాళ్ళంతా వెనక్కి వచ్చారు. అంగడి నిలబడింది.

ఆ చుక్కానే ఈ సోమవారం ఒక వింత మాట చెప్పింది. బేదులకు ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లాలు, పిల్లల జింకు సిరప్పు మామూలుకంటే చాలా ఎక్కువ తెప్పించుకో అంది. మరగతం ఏమీ ఆర్డరు పెట్టలేదు. అయినా మర్నాడు హోల్‌సేల్ ఏజెంటు సరిగ్గా అదే సరుకు ఆటోలో వేసుకుని అంగడి ముందు దిగాడు. "మీకు కావాలని తెలుసు మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వు మరగతానికి నచ్చలేదు. చంద్రన్‌కు అసలు నచ్చలేదు.

"చెప్పు పాపా," అన్నాడు చంద్రన్ ఇప్పుడు. "మా బిల్లులు నీ చేతిలో పెట్టింది మాకు మేలవతాదని. నువ్వు వాటిని హోల్‌సేలోనికి చూపిస్తే, వాడు సరుకు తెచ్చి మా నెత్తిన రుద్దతాడు. అంతే గదా యాపారం?"

"లే అన్నా. నేనెవరికీ చూపించలే."

"మరి వానికెట్ల తెలిసింది?"

ప్రీతిక గొంతు సవరించుకుంది. "మీకొచ్చిన మెసేజే నా దగ్గరుండే మెడికల్ షాపులన్నిటికీ పోయింది. మీరు ఆర్డరు పెట్టలే. మిగతావాళ్ళు పెట్టినారు. అన్ని అంగళ్ళూ ఒకే పూట ఒకే సరుకు అడిగితే హోల్‌సేలోడు సుమ్మా ఊరికే కూర్చుంటాడా? అడగని అంగడికి తనే మోసుకొచ్చినాడు. కావాలంటే ఆ ఏజెంటుకే ఫోను చేసి అడగండి."

మరగతం చంద్రన్ వైపు చూడలేదు. ఏజెంటు నంబరు తీసి, స్పీకరు పెట్టి, అరవంలో అడిగింది. అవతల అతను నవ్వాడు. "అందరూ అడుగుతున్నారు, మీరొక్కరే అడగలేదు, మరచిపోయారేమో అనుకున్నా మేడమ్" అన్నాడు. మరగతం ఫోను కౌంటరు మీద పెట్టేసింది. పిల్ల చెప్పింది నిజమే. అయితే అనుమానం పట్టిన మనసు నిజం వినగానే చల్లబడదు. ఒకచోట కాలు జారితే ఇంకోచోట పట్టు వెతుక్కుంటుంది.

"సరే. అది ఒప్పుకుంటా," అంది మరగతం. "జబ్బు రాకముందే నీకెట్ల తెలిసింది? సోమవారం ఈ వీధిలో ఎవరికీ ఏమీ లే. నిన్న ఎదురింటి సెంగమలం మనవరాలికి వాంతులు, బేదులు పట్టుకుని పెద్దాసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తా ఉండారు. మూడేళ్ళ పిల్ల. రేపు పడబోయే జబ్బు నీ కంప్యూటరుకు ఎవరు చెప్పినారు?"

"రాకముందు కాదక్కా. వచ్చినాకనే. మీకు కనిపించలే, అంతే." ప్రీతిక కాస్త ముందుకు వంగింది. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆ పిల్ల భయం మరచిపోయింది. "పోయిన ఆదివారం మీ అంగట్లో ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు ఎక్కువ పోయింటాయి. నడివేసవి కత్తిరి ఎండలు గదా, ఎండదెబ్బ అనుకునింటారు. పక్కవీధి అంగట్లో ఇంకో రెండు. కోసపాళయంలో ఒగటి. ఎవరికి వాళ్ళకు అది లెక్కలోకే రాదు. అన్నీ ఒకచోట పోసి చూస్తేనే తెలస్తాది, ఊరికి కడుపు నొస్తా ఉండాదని."

చివరి మాట అన్నాక చప్పున నోరు మూసుకుంది. ఒళ్ళో ఉన్న ల్యాప్‌టాప్ మూత మీద రెండు చేతులూ పెట్టుకుంది.

మరగతం ఆ చేతులు చూసింది. కౌంటరు వెనక నిలబడి ఇన్నేళ్ళుగా మనుషుల మొహాలు చూస్తున్నది. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవాళ్ళు, తమ జబ్బును ఊళ్ళో ఉన్న అత్తగారి జబ్బుగా చెప్పేవాళ్ళు, అందరూ అడిగినదానికి జవాబు చక్కగానే చెబుతారు. అడగనిదాని దగ్గరికి వచ్చేసరికి చేతులు దాచుకుంటారు.

"ఆ పెట్టెలో ఏం దాస్తా ఉండావు?"

"ఏమీ లేదక్కా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

ప్రీతిక చూడలేకపోయింది.

అప్పుడు చంద్రన్ ఒక పని చేశాడు. మరగతానికి అది ఆ క్షణంలో వింతగా తోచింది, అంతకు మించి ఆలోచించే తీరిక లేకపోయింది. ఇంతసేపూ దారికి అడ్డంగా నిలబడిన మనిషి పక్కకు తప్పుకుని షట్టరు పైకెత్తాడు. "ఇంక చాల్లే మరగతం. పాప చెప్పింది సరిగానే ఉండాది. ఆడపిల్లను ఈ ఉక్కలో ఎంతసేపు కూర్చోబెడతావు? పంపించు," అన్నాడు.

పొద్దున్నుంచి "ఈ రోజు దాన్ని వదలకూడదు" అని ఎగిరింది ఆయనే.

"షట్టరు దించయ్యా," అంది మరగతం. "నువ్వు తెరువు పాపా."

ప్రీతిక ల్యాప్‌టాప్ తెరిచి కౌంటరు మీద తిప్పి పెట్టింది. ఉప్పళం వీధులు గీతలుగా కనిపించాయి. వాటి మీద అక్కడక్కడా ఎర్ర చుక్కలు.

"అంగళ్ళవాళ్ళు ఇంటికి పంపే మందులకు విలాసం ఉంటాది గదా. పేర్లు లేవు, వట్టి ఇళ్ళే. ఈ వారం కడుపు మందులు పోయిన ఇళ్ళు ఇవి. నేను మొదట కొళాయి నీళ్ళే అనుకున్నా. యాడో పైపు పగిలి మురికి కలిసిందనుకున్నా. కానీ కొళాయి నీళ్ళయితే వరసగా అన్ని ఇళ్ళూ జబ్బున పడాల. ఇక్కడ చూడండి. ఒకిల్లు పడింది, పక్కిల్లు బాగుండాది, దాని పక్కది మళ్ళా పడింది. ఒకిల్లు విడిచి ఒకిల్లు."

మరగతం కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. మొదట అవి చుక్కలే. తర్వాత ఒక చుక్క దగ్గర ఆమె వేలు ఆగింది. టైలరు పక్కిల్లు. పచ్చగేటు ఇల్లు దాటి మూలమీద మేడ. ఆ మేడలో పై వాటా మాత్రమే, కింది వాటా కాదు. అక్కడినుంచి రోడ్డు దాటితే రిటైర్డు టీచరు ఇల్లు. ఆ టీచరు తలుపు తీయడానికి ఎంతసేపు పడుతుందో కూడా మరగతానికి తెలుసు. ఎందుకంటే ఈ తలుపులన్నీ ఆమె తట్టినవే.

అమ్మ పోయినప్పుడు గుణశేఖరన్ ఇంకా బడికి పోతున్నాడు. మరగతమే పెంచింది. పెద్దవాడై ఏ ఉద్యోగంలోనూ నిలవక, చివరికి కాలాపేట దోవలో బోరు వేసి మంచినీళ్ళ కేన్ల ప్లాంటు పెట్టాడు. నలుగురితో మాట కలపలేని తమ్ముడి కోసం సాయంత్రాలు అంగడి కట్టేసి ఉప్పళం అంతా తిరిగింది మరగతం. "మా తమ్ముడు నీళ్ళు. మంచి నీళ్ళు. నాకోసం ఒక్క నెల తీసుకోండి" అని ఒక్కో ఇంటినీ ఒప్పించింది. కొందరు తీసుకున్నారు, కొందరు వద్దన్నారు. తీసుకున్న ఇళ్ళే ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి.

"ఇది గుణా కేన్ల లైను," అంది మరగతం.

ప్రీతిక తెరను తన వైపుకు తిప్పుకుంది.

"నీకు తెలుసు."

"ఒకరి లెక్క ఇంకొకరికి చూపించనని మాటిచ్చినా అక్కా. మీకూ ఇచ్చినా, గుణా అన్నకూ ఇచ్చినా. ఏ ఇంట్లో కేను ఎప్పుడు ఖాళీ అవతాదో, బండి ఏ వీధి ముందు తిరగాలో ఆయనకు చెప్పేది నేనే. ఆయన రూటు నా దగ్గర ఉండాది. కానీ నేను మీకు చూపించలే. మీరే చూసినారు." ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "నిన్న సాయంత్రం ఆ రూటూ ఈ చుక్కలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసినా. అప్పట్నుంచి నాకు ముద్ద దిగలే."

"తెలిసి కూడా ఇంతసేపు కూర్చోని మాతో తిట్లు తిన్నావా?"

"తప్పయితే? ఆయన యాపారం మంట్లో కలిసిపోతాది. నా లెక్క రెండూ ఒకే దోవన పోతా ఉండాయని చెప్తాదే గాని, దీనివల్లనే అది వచ్చిందని చెప్పదక్కా. నీళ్ళు టెస్టు చేస్తే తెలస్తాది. చేయించండని ఆయన్ను ఎట్ల అడగాల? అడిగితే ఇంకొకరి లెక్క చూసి అడుగుతా ఉండానని చెప్పినట్టే గదా."

చంద్రన్ కౌంటరు దగ్గరికి వచ్చాడు. "విన్నావా? దానికే నిజంగా తెలీదంట. ఎండాకాలం బేదులు ఎవరికి రావు? మామిడిపండ్లు తినింటారు. గుణా పేరు బయటికి పొక్కిందంటే వాడు మళ్ళీ లేవడు. నువ్వు పెంచిన వాడు." ఆ మాటలతోనే గోడ మేకుకున్న స్కూటరు తాళం చెవి తీసుకున్నాడు. "నేను పోయి నిదానంగా మాట్లాడొస్తా. నువ్వింటికి పోయి అన్నం తిను."

మాటలు మెత్తగానే ఉన్నాయి. మరగతానికి ఎందుకో ఆ మెత్తదనం మింగుడుపడలేదు. గుణాతో ఏ తగవు వచ్చినా "మీ అక్కాతమ్ముళ్ళు తేల్చుకోండి, నన్ను లాగొద్దు" అనే మనిషి. మరగతం చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యి. నా తమ్ముడు. నేనే పోతా."

ఒక్క క్షణం ఇవ్వడేమో అనిపించింది. ఇచ్చాడు.

వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి అరుగు మీద సెంగమలం కనిపించింది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. వైరు బుట్టలో ఫ్లాస్కు, పిల్ల గౌను పెట్టుకుని మళ్ళీ బయల్దేరుతోంది. మరగతం స్కూటరు ఆపింది.

"పాప ఎట్లుండాది అవ్వా?"

"కండ్లు తెరిచింది. నీళ్ళు అడగతా ఉండాది. డాక్టరు కొంచెం కొంచెం ఇయ్యమన్నాడు. అందుకే ఇంటికొచ్చి మన కేన్లోవి పట్టుకుపోతా ఉండా." ఫ్లాస్కు తట్టి చూపించింది. "ఆసుపత్రి నీళ్ళను నమ్మేదెట్ల?"

మరగతం ఆ ఫ్లాస్కు లాక్కుంది. మూత తీసి మొత్తం కాలవలోకి పారబోసింది. ముసలామె నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"కేను నీళ్ళు వొద్దవ్వా. ఎవ్వరూ తాగొద్దు. ఆసుపత్రిలో అమ్మే సీసా కొని దాంట్లోవే పట్టు. ఇంట్లో కొళాయివి కాచి తాగండి."

"అదేందమ్మా? అవి మీ తమ్ముడు నీళ్ళే గదా. నువ్వు చెప్తేనే గదా మేము తీసుకుండేది."

మరగతం ఖాళీ ఫ్లాస్కు ఆమె బుట్టలో పెట్టింది. స్కూటరు ముందుకు పోనిచ్చింది.

ఊరు దాటి సముద్రం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డు ఎక్కాక వేడిగాలి మొహానికి కొట్టింది. కాలాపేట బస్సులు పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. దారంతా ఒకే మొర పెట్టుకుంది మరగతం. ఆ పిల్ల లెక్క తప్పు కావాలి. మందుల కంపెనీవాడో, ఏసీ షాపువాడో, ఎవడో ఒకడు ఆ పిల్లను కొనేసి ఉండాలి. పొద్దున ఏ అనుమానం తనను కాల్చిందో అదే నిజం కావాలని ఇప్పుడు దేవుణ్ణి వేడుకుంటోంది.

ప్లాంటు ముందు బండి ఆపగానే ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది. చప్పుడు లేదు. ఎప్పుడొచ్చినా బోరు మోటారు రొదలో అరిచి మాట్లాడుకోవాల్సిందే. ఈ రోజు షెడ్డు వెనక సరుగుడు తోపులో గాలి వినిపిస్తోంది.

గుణశేఖరన్ నేలమీద కూర్చుని, నిండు కేన్ల మీద తన పేరున్న కాగితాలు అంటిస్తున్నాడు. అక్కను చూసి గబుక్కున లేచాడు. మొహం వెలిగింది.

"ఏందక్కా, ఈ ఎండలో? ఫోను చేస్తే నేనే వచ్చుంటా గదా. కూర్చో, కూర్చో." లోపలి గదిలోకి పోయి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చాడు.

మరగతం చెంబు అందుకోలేదు. "ఇది వొద్దు. ఆ కేన్లోది పొయ్యి."

"అవి వేడిగా ఉంటాయక్కా."

"ఫర్వాలే."

గుణశేఖరన్ నవ్వాడు. అక్క తమాషా చేస్తోందనుకున్నాడో, అనుకోవాలనుకున్నాడో. "కుండ నీళ్ళు చల్లగా ఉండాయి గదా."

"సరే, నేను తాగనులే. నువ్వు తాగు. నా ముందర ఆ కేను తెరిచి ఒక్క గుక్క తాగు గుణా."

అతని చెయ్యి కేను దాకా పోయింది. మూత మీద ఆగింది. అక్కణ్ణించి కదల్లేదు. చిన్నప్పుడు తప్పు చేసి దొరికిపోతే వీడు ఏడ్చేవాడు కాదు, వాదించేవాడు కాదు, ఇలాగే తలొంచుకుని నేల చూస్తూ నిలబడేవాడు. ఇప్పుడు చెవుల పక్కన తెల్ల వెంట్రుకలున్న మనిషి. నిలబడిన తీరు మాత్రం మారలేదు.

"చెప్పరా."

"కత్తిరి ఎండలు మొదలవగానే మోటారు కాలిపోయిందక్కా," అన్నాడు నేలకేసి చూస్తూ. "బాగుచేసేవాడు బోరే పోయింది, లోపల నీళ్ళు లేవన్నాడు. ఎండాకాలం. ఒక్కో ఇంటికి రెండింతలు కేన్లు కావాల. ఒక్క వారం ఆపితే ఇంకొకడు దూరతాడు. నీకు చెప్తే బాధపడతావని... బయట నింపించి తెప్పిస్తా ఉండా. నా పేరు అంటించి పంపిస్తా ఉండా. ఏం, అందరూ చేసేదే గదా?"

"సెంగమలం మనవరాలికి సెలైన్ ఎక్కిస్తా ఉండారు."

అతను తలెత్తాడు.

"పచ్చగేటు పక్క మేడలో పై వాటావాళ్ళు పడినారు. టైలరు పక్కిల్లు పడింది. టీచరమ్మ పడింది. నీ కేను తీసుకోని ఇల్లు ఒక్కటి పడలే గుణా. తీసుకున్నోళ్ళు పడినారు."

"ఆ పిల్ల చెప్పిందా?"

"ఆ పిల్ల నీ మాట ఒక్కటి చెప్పలే. నా కండ్లకే కనిపించింది. నీ బండ్లు ఇప్పుడు యాడుండాయి?"

గుణశేఖరన్ ఫోను తీసి చూపించాడు. చుక్కానిలో అతని మూడు బండ్లూ మూడు బాణం గుర్తులై కదులుతున్నాయి. ఒకటి ఉప్పళంలోకి తిరుగుతోంది.

"ఆపు."

"అక్కా, ఒక్కసారి కేన్లు వెనక్కి లాగితే ఇంక ఆ ఇళ్ళు నా దగ్గర కొంటాయా? నా బతుకే పాయె."

"ఆ తలుపులు నేను తట్టినవిరా. కాళ్ళు పట్టుకోవాల్నంటే నేనే పోయి పట్టుకుంటా. ముందు బండ్లు ఆపు."

ఒక్కో డ్రైవరుకూ ఫోను చేశాడు. దించినవి వెనక్కి ఎక్కించుకోమన్నాడు. ఒకడు ఎందుకని అడిగితే అరిచాడు. ఆ అరుపులో ఏడుపు ఉంది. మూడో ఫోను పెట్టేసరికి మరగతం తన ఫోనులో ప్రీతికను పట్టుకుని స్పీకరు నొక్కింది.

"గుణా కేన్లు తీసుకునే ఇళ్ళ నంబర్లన్నీ నీ దగ్గరుండాయా పాపా?"

"ఉండాయక్కా. కానీ ఆయన ఒప్పుకోకుండా నేను—"

మరగతం ఫోను తమ్ముడి మొహం ముందు పెట్టింది. అతను షెడ్డు నిండా పేర్చిన కేన్ల వైపు చూశాడు. వాటన్నిటి మీదా తన పేరే.

"పంపించు పాపా," అన్నాడు చివరికి. "అన్ని ఇళ్ళకూ. ఆ నీళ్ళు తాగొద్దని పంపించు. నా పేరు పెట్టే పంపించు."

అవతల ప్రీతిక గట్టిగా ఊపిరి వదిలింది. ఎంతోసేపు పట్టలేదు. గుణశేఖరన్ ఫోనుకు కూడా ఆ మెసేజు వచ్చింది. అరవంలో, నాలుగే వాక్యాలు. ఊళ్ళో అన్ని తలుపులూ మళ్ళీ తట్టాలంటే మరగతానికి ఎన్నో సాయంత్రాలు పట్టేవి. ఆ పిల్ల కూర్చున్నచోటు నుంచే అన్నీ ఒక్కసారి తట్టేసింది. మధ్యాహ్నం ఈ పిల్లనే కదా దొంగను చూసినట్టు చూశాను అనుకుంది మరగతం. ఖాళీ కేను ఒకటి బోర్లించి దానిమీద కూర్చుంది.

"రేపు ఈ నీళ్ళు టెస్టుకు ఇద్దాం," అంది కాస్త తేరుకుని. "ఆరోగ్య శాఖ వాళ్ళ దగ్గరికి మనమే పోదాం, వాళ్ళు వచ్చే దాకా ఆగొద్దు. ఇప్పుడు చెప్పు. ఈ కేన్లు యాడ నింపుతా ఉండారు?"

"నాకు తెలీదక్కా."

"తెలీదా?"

"తెల్లారే టెంపో వస్తాది. దించేసి, ఖాళీవి ఎత్తుకుని పోతాది. దాని డ్రైవరు మాట్లాడడు."

"యాడివో తెలీని నీళ్ళకు నీ పేరు అంటించినావా? నీకు బుద్ధి యాడికి పోయింది?"

"మాట్లాడి పెట్టింది నమ్మకమైన మనిషే గదా అని అడగలే."

"ఎవురా మనిషి?"

గుణశేఖరన్ చేతిలో మిగిలిన కాగితాలు నలుపుతున్నాడు. రోడ్డు వైపు ఒకసారి చూసి, మళ్ళీ అక్కను చూశాడు.

"బావ."

మరగతానికి ముందు కోపం రాలేదు. భర్త మొహం గుర్తొచ్చింది. మిల్లు మూతబడిన రోజు నుంచి నలుగురికీ ఏదో ఒక పని మాట్లాడి పెట్టి, తనూ పనికొచ్చే మనిషినే అనిపించుకోవాలని తిరిగే మొహం. ఎవడో మాయమాటలు చెప్పి ఉంటాడు, ఈయన నమ్మి ఉంటాడు. అందుకే మధ్యాహ్నం భయపడ్డాడు. అంతే అయి ఉంటుంది.

"ఆయనకేం తెలుసురా," అంది. తమ్ముడికి చెబుతోందో తనకే చెప్పుకుంటోందో. "ఆయన్ను ఎవడో మోసం చేసింటాడు. ఆ నీళ్ళు ఎట్లాంటివో ఆయనకూ తెలిసుండదు."

గుణశేఖరన్ ఆమెనే చూస్తున్నాడు.

"ఏందిరా అట్ల చూస్తావు?"

"తెలీకపోతే ఆ మాట ఎందుకంటాడక్కా?" అతని గొంతు బాగా తగ్గిపోయింది. "నేనూ ఆ పొద్దునుంచే ఆ నీళ్ళు నోట్లో పోసుకోలే. టెంపో మొదట వచ్చిన రోజు బావ ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే నిలబడి, కేన్లన్నీ దించే దాకా చూసినాడు. పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు, 'ఊరంతా పంపించుకో, మా ఇంటికి మాత్రం వీటిలో ఒక్కటి కూడా పంపొద్దు' అని."